రణభేరిలో కాపురం

పూలకొండ సంస్థానాన్ని ఏలే అనంగభూపాలుడికి తీపి గుమ్మడికాయ పులుసంటే ప్రాణం. ఒకనాడు పొద్దున్నే రాజతోటలో గుమ్మడి పువ్వొకటి ముచ్చటగా విచ్చుకుని ఉంటే, వంగి ముక్కు లోపల పెట్టి మరీ వాసన చూశాడు. లోపల ఒక తేనెటీగ తన పని తాను చేసుకుంటోంది. వచ్చింది రాజుగారి ముక్కని దానికెవరు చెప్పాలి? కుట్టేసింది.

మధ్యాహ్నానికి ఆ ముక్కు వంకాయంత అయింది. సాయంత్రానికి కోట చుట్టుపక్కల ఒక్క తేనెటీగ కనబడకూడదని శాసనం వెలువడింది.

ఆ పని దండనాయకుడు గండరాయుడు తన నెత్తినేసుకున్నాడు. పదేళ్లుగా యుద్ధమన్నది లేక, మీసం దువ్వుకోవడమే కొలువుగా బతుకుతున్న మనిషి. కాగడాలు పట్టించి చెట్ల తొర్రల్లోని తేనెపట్లన్నీ కాల్పించాడు. దారి తప్పి వచ్చే ఈగల్ని తరమడానికి తోట చుట్టూ విసనకర్రలతో భటుల్ని నిలబెట్టాడు. ఆపైన విజయోత్సవం కూడా చేసుకున్నాడు.

తోటమాలి సింగన్నకు మాత్రం ఆ రోజు అన్నం సయించలేదు. రెక్కలు కాలి రాలిన ఈగల్ని చేటలోకి ఎత్తుతుంటే అతనికి కళ్లనీళ్లు ఆగలేదు.

నెలన్నర గడిచింది. గుమ్మడి పాదులు విరగబూశాయి. పిందెలు మాత్రం గోలీకాయంత కాగానే పసుపుబారి రాలిపోయాయి. రాజుగారి విస్తట్లో పులుసు లేదు.

"తోటమాలి అశ్రద్ధ ప్రభూ!" అన్నాడు గండరాయుడు.

రాజు సింగన్నను పిలిపించాడు. "పది రోజుల్లో పిందె నిలవాలి. లేదా, పెళ్లాంబిడ్డలతో సహా పొలిమేర దాటు."

సింగన్న చేతులు కట్టుకుని చెప్పాడు. "మహారాజా, గుమ్మడికి పోతుపువ్వు వేరు, పిందెపువ్వు వేరు. దీని పుప్పొడి దానికి చేరితేనే కాయ నిలుస్తుంది. మోసేవి తేనెటీగలు. వాటిని దండనాయకులవారు తగలబెట్టించారు."

గండరాయుడు పకపకా నవ్వాడు. "ఈగ చేసే పని నా సైన్యం చెయ్యలేదా?"

"చిత్తం దొరా. ఎండెక్కితే పువ్వు ముడుచుకుంటుంది. వాళ్లను కాస్త పెందలాడే లేవమనండి."

మర్నాడు మూడొందలమంది భటులు తోటలో దిగారు. సగం తీగలు వాళ్ల కాళ్లకిందే నలిగాయి. గండరాయుడు పాదులన్నీ తనిఖీ చేసి, "కాయ కాయని పువ్వులకు ఎరువు దండగ!" అని పోతుపువ్వులన్నీ కోయించి పారేశాడు. పదేళ్లుగా తాను ఏం కాశాడో ఎవరూ అడగలేదు. రోజూ అదే వరస. పిందెపువ్వులకు రాయడానికి పుప్పొడి చిటికెడైనా మిగల్లేదు.

పదో రోజు సభలో రాజు నిట్టూర్చాడు. "సరే, ఈగలే కావాలన్నమాట. ఇప్పుడెక్కణ్ణుంచి తెస్తాం?"

"ఒక్కదాన్నీ మిగల్చలేదు ప్రభూ!" అని గండరాయుడు ఛాతీ విరిచాడు.

"ఒక కాపురం మిగిలింది మహారాజా," అన్నాడు సింగన్న. "బావిగట్టున నీళ్లు తాగి లేచిన ఈగ వెనకాల నాలుగు రోజులు తిరిగాను. అది ఆయుధశాలలోకి పోతోంది. దండనాయకులవారి రణభేరిలో పట్టు పెట్టుకున్నాయి."

"అబద్ధం! రోజూ కవాతుకు ఆ భేరి నా చేత్తో నేనే మోగిస్తున్నాను!"

"అయితే పద, మోగిద్దువుగాని," అన్నాడు రాజు.

సభంతా ఆయుధశాలకు కదిలింది. మూలన బూజు పట్టిన భేరి ఉంది. ఎలుకలు కొరికిన చర్మం బెజ్జంలోంచి ఈగలు వస్తూ పోతూ ఉన్నాయి. లోపల ఝుమ్మని ఒకటే రొద. గండరాయుడు కర్ర అందుకున్నాడు గాని చెయ్యి లేవలేదు.

సింగన్న కాస్త పొగ వేసి, చర్మం మెల్లగా ఎత్తి చూపించాడు. లోపల ఏడు తుట్టెలు వేలాడుతున్నాయి.

"మహారాజా, కొత్త తుట్టె తెల్లగా ఉంటుంది. ఇవి నల్లబడ్డాయంటే ఏళ్లనాటివి. తేనెటీగకు చీకటి కావాలి, కదలిక ఉండకూడదు."

"మరి దీన్నే ఎందుకు ఎంచుకున్నాయంటావు?"

"రాజ్యంలో ఇంతకన్నా ప్రశాంతమైన చోటు దొరకలేదు ప్రభూ!"

రాజు ఫక్కున నవ్వాడు. "పొలిమేర మాట మరిచిపో సింగన్నా. ఏం కావాలో కోరుకో."

"ఈ భేరిని గుమ్మడి తోటలో పెట్టించండి. ఇకమీదట ఎవరూ పట్టును కాల్చకూడదు. తేనె కావాలంటే తేనె ఉన్న మేరకే కోసుకుని, పిల్లలున్న తుట్టెను వదిలెయ్యాలి."

"అలాగే. చీమలూ బల్లులూ చేరకుండా గండరాయుడు కాపలా కాస్తాడు."

దండనాయకుడికి అప్పుడు పౌరుషం పొడుచుకొచ్చింది. "రణభేరిని తోటలో పెడితే, రేపు శత్రువు దండెత్తి వస్తే ఏం చేస్తాం ప్రభూ?"

రాజు సింగన్న వైపు చూశాడు.

"దాని మీద ఒక్క దెబ్బ వెయ్యండి దొరా. ఈసారి సైన్యం నిజంగానే బయటికొస్తుంది!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వుతూనే మెడలోని ముత్యాలహారం తీసి సింగన్న మెడలో వేశాడు.