కాపలాదారు అప్పలకొండ చావు

గౌరినాయుడి ఇంట్లో ముగ్గురే మనుషులు. తమంత తెలివైనవాళ్ళు ఊళ్ళో లేరని ముగ్గురూ చెప్పుకునేవారు. ఇంకెవరూ చెప్పేవారు కాదు మరి.

కొడుకు అప్పలకొండ మ్యూజియంలో కాపలాదారు. ఒక సాయంత్రం గౌరినాయుడు పాత డిటెక్టివ్ నవల ఒకటి కొనుక్కొచ్చి గట్టిగా చదివాడు. "మ్యూజియం తలుపు దగ్గర నిలబడ్డ కాపలాదారు మర్నాడు హత్యకు గురయ్యాడు."

ఇంకేముంది, భార్య పైడమ్మ గుండెలు బాదుకుంది. "మర్నాడంటే రేపే గదా. ఒరే కొండా, నువ్వు రేపు ఎల్లకు."

"ఎల్లకపోతే ఉజ్జోగం పోద్దమ్మా. తలుపుకాడ డ్రెస్సులో ఒకడు నిలబడి ఉండాలన్నారు ఆఫీసరుగారు."

వెళ్తే కొడుకు దక్కడు, వెళ్ళకపోతే కూడు దక్కదు. పాపం, ఆ తల్లి ప్రాణం విలవిల్లాడిపోయింది.

గౌరినాయుడు బుర్ర గోక్కున్నాడు. "డ్రెస్సులో ఒకడుంటే సాలు గదా. మ్యూజియం లోపల రాతి బంటు బొమ్మ ఊరికే నిలబడే ఉంది."

అంతే. తెల్లారగానే ముగ్గురూ వెళ్ళి, రాతి బంటును తలుపు దాకా ఈడ్చుకొచ్చి, కొడుకు ఖాకీ చొక్కా తొడిగారు. ఆ బొమ్మకు తల ఏనాడో విరిగిపోయింది. వీళ్ళు మెడ మీదే టోపీ పెట్టి, ఎదురుగా టీ తాగడానికి పోయారు.

టీ తాగి వచ్చి చూస్తే టోపీ ఉంది, కింద తల లేదు.

"నరికేశాడు," అన్నాడు గౌరినాయుడు. "నెత్తురు సుక్క కూడా పడలేదు. మంచి పనోడే."

"ఇంతకీ సచ్చిందెవురయ్యా?" అంది పైడమ్మ.

"శవాన్ని చొక్కా మీది పేరు చూసి పోల్చారని పుస్తకంలో ఉంది."

అప్పలకొండ వంగి చొక్కా మీది పేరు చదివాడు. "నానేనమ్మా," అన్నాడు. తల్లీ కొడుకూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఘొల్లుమన్నారు.

అంతలో ఆఫీసరుగారు వచ్చారు. అప్పలకొండ కళ్ళు తుడుచుకుని చేతులు కట్టుకున్నాడు. "సెలవు కావాలి బాబూ. ఇంట్లో సావు."

"ఎవరు పోయారు?"

"నానేనండి."

ఆఫీసరుగారు అతన్నీ, చొక్కా తొడుక్కున్న బొమ్మనీ మార్చి మార్చి చూశారు. "రేపటినుంచి నీకు ఉద్యోగం లేదు. ఫో ఇక్కణ్ణించి," అన్నారు.

పైడమ్మ గబగబా అడ్డం వచ్చింది. "అదేటి బాబూ? డూటీలో పోయినోడి ఉజ్జోగం ఆళ్ళింట్లోవోళ్ళకే గదా ఇస్తారు. మా ఇంట్లో పనీపాటా లేని మగోడు ఈడొక్కడే ఉన్నాడు." అప్పలకొండను ముందుకు తోసి, వీపు నిమిరింది. "పోయినోడిలా కాదు బాబూ, ఈడు మా సెడ్డ తెలివైనోడు."