నిలువురాయిది ఏ ఊరు?

ఒకప్పుడు రాళ్ళన్నీ పడుకునే ఉండేవి. పెద్దవాళ్ళెవరైనా వస్తే మాత్రం లేచి నిలబడేవి. వాళ్ళు "సర్లే, కూర్చో" అన్నాక మళ్ళీ ఒరిగిపోయేవి. రాయికి తెలిసిన మర్యాద అదొక్కటే.

పెద్దేటి గట్టు మీద, రేగుపొదల మధ్య అలాంటి రాయి ఒకటి ఉండేది. ఒకరి భుజాల మీద ఒకరు ఇద్దరు మనుషులు నిలబడితే ఎంతో అంత పొడవు. ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. దానికే తెలియదు. కళ్ళు తెరిచేసరికి ఇక్కడే ఉన్నానంటుంది.

దాని తల కింద మట్టి చల్లగా ఉంటుందని ఒక తొండ అక్కడ గుడ్లు పెట్టుకుంది.

వానలు మొదలయ్యే ముందు కొంగ ఒక కబురు తెచ్చింది. ఈసారి ఏరు గట్టు దాటి వస్తుందట. ఆ మాట వినగానే గట్టు మీద అందరూ హడలిపోయారు. ఎందుకంటే ఏటికి ఒక న్యాయం ఉంది. ఎవరిదీ కానిది ఏటిది. విరిగిన కొమ్మ గానీ, పాత పొయ్యిరాయి గానీ, ఏది కనబడినా "ఇది ఎవరిది?" అని అడుగుతుంది. నాదని ఒకరైనా అంటే సరే. లేదంటే ఎత్తుకుపోతుంది.

తొండ రాయి దగ్గరికి పరుగెత్తింది. "నీదే ఊరో గుర్తు తెచ్చుకో. నువ్వు పోతే ఈ మట్టి పోతుంది. మట్టితోపాటు నా పిల్లలు పోతారు. గుడ్లను వేరేచోటికి మోసుకుపోదామంటే, కదిలిస్తే అవి పిల్లలు కావు."

రాయి ఆలోచించింది. రాయి ఆలోచించడమంటే మాటలా? తొండకి రెండుసార్లు ఆకలేసింది. చివరికి రాయి, "గుర్తు లేదే" అంది.

ఇక తొండే బయల్దేరింది. ముందు కొండ దగ్గరికి పోయి, ఆ రాయి నీదేనా అవ్వా అని అడిగింది.

"కావచ్చు," అంది కొండ. తన మీంచి రోజూ ఏదో ఒక పెచ్చు రాలుతూనే ఉంటుందనీ, అన్నిటికీ పేర్లు పెట్టి పెంచలేదనీ చెప్పింది.

తొండ ఆకాశాన్ని అడిగింది. ఆకాశం కూడా కావచ్చనే అంది. చుక్కలు జారుతుంటాయి, ఏది ఎక్కడ పడిందో వంగి చూసే అలవాటు తనకు లేదంది.

మేకలు కాసే తిప్పమ్మ రోజూ ఆ రాయి మీదే కూర్చుని జొన్నరొట్టె తింటుంది. తొండ ఆమెనూ అడిగింది. తిప్పమ్మ రొట్టె నములుతూ, "కావచ్చు," అంది. "మా తాతలే దీన్ని తాళ్ళు కట్టి ఈడ్చుకొచ్చిన్రని మా ముత్తవ్వ చెప్పేది. కానీ ఆమె చెప్పినయన్ని నమ్మితే ఈ మేకలకు రెక్కలుండాలె."

నాదని గట్టిగా అన్నవాళ్ళు ఒక్కరూ దొరకలేదు. తొండ మూడు కావచ్చులు మూటగట్టుకుని ఇంటికొచ్చింది.

అంతలోనే ఏరు వచ్చేసింది. ఎర్రగా, నురగలు కక్కుకుంటూ గట్టెక్కింది. పెద్దామె వచ్చిందని రాయి లేచి నిలబడింది. కాళ్ళవైపు మట్టిలోకి దిగబడింది, తలవైపు పైకి లేచింది. ఇన్నాళ్ళూ దాని చాటున ఉన్న గుడ్ల చోటు బయటపడింది.

"నీదే ఊరు బిడ్డా? ఎవరి పిల్లవి?" అని అడిగింది ఏరు.

తొండే ముందుకొచ్చి ఎవరెవరు ఏమన్నారో చెప్పింది.

"కావచ్చులు నాకెందుకే? నాదని ఎవరైనా అన్నారా?"

"అనలేదు."

"మరింకేం," అంటూ ఏరు ఒక అల ముందుకు వేసింది. అల గుడ్ల మట్టికి జానెడు దూరంలో ఆగి, వెనక్కి పోయి, ఇంకొంచెం ఎత్తుగా లేచింది.

తొండ గబగబా రాయి కొసకి ఎక్కింది. ఏటి ముఖంలోకి ముఖం పెట్టింది.

"ఏరమ్మా, నీదే ఊరు?"

లేచిన అల లేచినట్టే ఉండిపోయింది. ఏటిని ఆ మాట అడిగినవాళ్ళు అంతవరకూ లేరు.

"నాదా? నేను కొండ బిడ్డని," అంది ఏరు.

దూరంనుంచి కొండ, తన మీద పడిన వానే అలా పారుతోందని గొణిగింది. పైనుంచి మబ్బు, వాన తనదే గానీ నీళ్ళు మాత్రం సముద్రం దగ్గర తెచ్చుకున్నవని ఒప్పుకుంది. మిట్ట మీద మేకల మధ్య నిలబడ్డ తిప్పమ్మ ఊరుకుంటుందా? "మా ముత్తవ్వ తవ్విన చెలమ గూడ నీలనే కలుస్తది గద," అంది.

తొండ ఒక్కో మాటకీ తల పైకీ కిందికీ ఊపింది. కావచ్చు. కావచ్చు. అదీ కావచ్చు.

ఏరు చాలాసేపు సుళ్ళు తిరిగింది. తర్వాత చిన్నగా అడిగింది. "అయితే నా న్యాయం ప్రకారం నన్ను నేనే ఎత్తుకుపోవాలా?"

ముందు తిప్పమ్మ నవ్వింది. తర్వాత కొండ. చివరికి ఏటికే నవ్వాగలేదు. లేచిన అల నవ్వులో కరిగి కిందికి జారిపోయింది. ఏరు సిగ్గుపడి, రాయికి దూరంగా ఒంపు తిరిగి, గబగబా వెళ్ళిపోయింది. ఆ హడావిడిలో రాయిని కూర్చోమనడం మరిచేపోయింది.

తొండ దిగొచ్చి మట్టి తడిమి చూసుకుంది. పొడిగా ఉంది. తిప్పమ్మ "అమ్మయ్య" అని రాయికి నడుం ఆనించి కూలబడింది. దాని మీద కూర్చోవడంకన్నా ఇలా ఆనుకోవడమే సుఖంగా ఉందంది.

కొన్నాళ్ళకి మట్టి కదిలింది. వేలెడేసి పిల్లలు బయటికొచ్చి, వచ్చీరాగానే తలలూపాయి.

అప్పటినుంచే ఏటి పుట్టుక ఎవరూ అడగరు. ఆ రాయి పుట్టుకా అంతే. అప్పటినుంచే ఏరు అక్కడ ఒంపు తిరుగుతుంది, రాయి నిలబడే ఉంటుంది. కొండనుంచి దొర్లిందా అనండి, చుక్కై రాలిందా అనండి, మనుషులే పాతారా అనండి, దాని మీది తొండ అన్నిటికీ తలూపుతుంది.

మీరు పెద్దయ్యాక అటువైపు వెళ్తే, పాపం ఎన్నాళ్ళనుంచో నిలబడిందే అని జాలిపడి కూర్చోమనేరు. అనకండి. అది ఒరిగితే తల ఆనే చోట ఇప్పటికీ తొండ గుడ్లుంటాయి.