సుంకి వేసిన చాటింపు

ఎప్పటి సంగతో చెప్పేవాళ్ళకు తెలియదు, తెలుసన్నవాళ్ళను నమ్మకూడదు. అంత కాలం కిందట కొండకూ కాలువకూ నడుమ రాళ్ళవంక అనే ఊరుండేది. ఆ ఊళ్ళో నోళ్ళకు కొదవ లేదు. వినేవాళ్ళే తక్కువ. అయినా చెవిటివాళ్ళు ఎందరంటే ముగ్గురనే చెప్పేవారు.

ఒకడు గొర్రెల బీరన్న. ముసలితనంలో చెవులు పోయాయి. భార్య సణుగుడు పడలేక కావాలనే పోగొట్టుకున్నాడని ఊరి అనుమానం. రెండోది తిప్పవ్వ. పుట్టుకతోనే వినబడదు, మాట రాదు. మొగుడు పోయాక కాలువ చివర అరెకరం మడి చేసుకుంటూ ఒక్కతే బతికేది. మూడోది సుంకి, పదిహేడేళ్ళ పిల్ల. ఏడో ఏట జ్వరం వచ్చింది. అది పోతూ పోతూ చెవులు పట్టుకుపోయింది. మాట మిగిలింది. కాస్త గరుకుగా ఉండేది, అంతే.

ఆ ఊళ్ళో ఏ కబురైనా మారెన్న డప్పు మీదే రావాలి. కాలువ నీళ్ళ వంతు, కొండ మీద మేత, జాతర రోజు, ఏదైనా సరే. దానికో కట్టుబాటు ఉండేది. డప్పు మోగాక వినలేదంటే చెల్లదు.

సుంకికి డప్పు వినబడదు గానీ అరికాళ్ళకు తెలిసేది. నేల అదిరితే చేతిలో పని వదిలేసి పరుగెత్తేది. మారెన్న పెదాలు చూసి కబురు పట్టుకునేది. బీరన్న దొడ్డికీ తిప్పవ్వ గుడిసెకూ పోయి చేతులతో చెప్పేది. ఎవరూ చెయ్యమనలేదు. చేసిందని ఎవరూ ఏమీ ఇవ్వలేదు. పిల్లలు ఆమె వెనకే తిరిగి ఆ చేతుల మాటలన్నీ నేర్చేసుకున్నారు. పెద్దవాళ్ళు నేర్చుకోలేదు. వాళ్ళకు తీరికెక్కడిది, అరుగు మీద కూర్చోవడానికే పొద్దు చాలేది కాదు.

ఒకసారి సుంకి మేనత్త కూతురి పెళ్ళికని పొరుగూరు పోయి వారం రోజులుండిపోయింది. ఆ వారంలోనే నీళ్ళ వంతులు మారాయి. ఆ విడత తిప్పవ్వ వంతు ఆదివారం నుంచి గురువారానికి ముందుకు జరిగింది. మారెన్న చాటింపు వేశాడు. గురువారం నీళ్ళు వచ్చాయి. గట్టున పార పట్టుకున్న మనిషి లేదు. పక్క మడికి పోయాయి. ఆదివారం నాడు తిప్పవ్వ పార పట్టుకుని పొద్దు వాలేదాకా గట్టున కూర్చుంది. నీళ్ళు రాలేదు. మళ్ళీ వంతు రావాలంటే పన్నెండు రోజులు.

సుంకి తిరిగొచ్చేసరికి మడి నెర్రెలు విచ్చింది. వరినాటు పసుపు రంగుకు తిరిగింది. తిప్పవ్వ ఆమెను చూసి చేయి ఆడించింది.

"నువ్వు రాలేదు."

అది తిట్టు కాదు. ఉన్న మాట. అందుకే సుంకి అటునుంచటే పోయి బీరన్నను పిలుచుకొచ్చింది. బీరన్న మడిలోకి దిగి, ఓ మొక్క పీకి వేరు చూసి, మూడు వేళ్ళు చూపించాడు. మూడు రోజులు ఆగుతుంది. ఆ పైన గొర్రెలు కూడా ముట్టవు.

మొదటి రోజు సుంకి పెద్దరెడ్డి అరుగు దగ్గరికి పోయింది. పెద్దరెడ్డి మంచివాడే. తీర్పు చెప్పేటప్పుడు తప్ప.

"తిప్పవ్వకు ఒక్క తడి నీళ్ళివ్వండి పెద్దయ్యా. ఆమెకు కబురు తెలియలేదు."

పెద్దరెడ్డి మారెన్నను పిలిపించాడు. "చాటింపు వేశావా లేదా?"

"వేశాను పెద్దయ్యా. ఆమె గుడిసె ముందు మూడుసార్లు వేశాను. చెవిటిది కదాని ఇంకా గట్టిగా కొట్టాను."

"ఇంకేం మరి. డప్పు మోగాక వినలేదంటే చెల్లదు."

రెండో రోజు సుంకి తిప్పవ్వను వెంటబెట్టుకుని పోయింది. కరణం లేచొచ్చి తిప్పవ్వ చెవిలో "వినబడుతోందా" అని అరిచాడు. తిప్పవ్వ మర్యాదగా తలూపింది.

"చూశారా, వింటోంది" అన్నాడు కరణం.

"ఆమె అందరికీ అట్లాగే తలూపుతుంది. మా దున్నపోతు ఎదురొచ్చినా ఊపుతుంది" అంది సుంకి.

పెద్దరెడ్డి మీసాల్లో నవ్వుకున్నాడు. తీర్పు మాత్రం మారలేదు.

"ఒకరికని సడలిస్తే రేపు ఊరంతా చెవిటిదైపోతుందే పిల్లా. డప్పు మోగాక వినలేదంటే చెల్లదు."

మూడో రోజు సుంకి అరుగు దగ్గరికి పోలేదు. పొద్దున్నే బీరన్న దొడ్డికి పోయింది. ఇద్దరూ చేతులతో చాలాసేపు మాట్లాడుకున్నారు. బీరన్న తల గోక్కున్నాడు. మందకేసి చూశాడు. చివరికి జాతరకని మేపుకుంటున్న పొట్టేలు వీపు మీద చెయ్యి వేశాడు.

అక్కణ్ణుంచి మారెన్న ఇంటికి పోయింది.

"డప్పు తగిలించుకుని నాతో రా మారెన్నా. కొట్టొద్దు."

"కొట్టనప్పుడు డప్పెందుకే?"

"రేపు ఎవరూ అది చాటింపు కాదనకుండా."

ఆ ఎండిన మడి పక్కనుంచి నడిచిన రోజునుంచీ మారెన్నకు మనసు బాగాలేదు. డప్పు తగిలించుకుని బయల్దేరాడు.

సుంకి వీధి వీధీ తిరిగింది. ప్రతి మలుపులో ఆగి చేతులతో చాటింది. పొట్టేలు కొమ్ములు. ఉడుకుతున్న కుండ. నడినెత్తిన సూర్యుడు. కొండ కింది దొడ్డి. గిన్నె పట్టుకుని రండి. పెద్దరెడ్డి అరుగు ముందు మాత్రం మూడుసార్లు చాటింది.

"ఏమంటోంది?" అన్నాడు పెద్దరెడ్డి.

"కొమ్ములు చూపిస్తోంది. తమరి గురించేనేమో" అన్నాడు కరణం.

"పెళ్ళిలో దిష్టి తగిలినట్టుంది పాపం."

అరుగు అరుగంతా నవ్వింది. పిల్లలు నవ్వలేదు. ఇళ్ళలోకి పరుగెత్తి గిన్నెలు తెచ్చుకున్నారు. వాళ్ళ వెనక తల్లులు పోయారు. తల్లుల వెనక, ఎక్కడికో తెలియకపోయినా, తండ్రులు పోయారు.

మధ్యాహ్నానికి అరుగు మీదికి కూర వాసన వచ్చింది. ఆ ఊరి పెద్దల చెవులు ఎట్లాంటివైనా ముక్కులు మంచివే. వాసన పట్టుకుని దొడ్డిదాకా నడిచారు. పోయేసరికి ఊరంతా చేతులు కడుక్కుంటోంది. కుండలో గరిటె తప్ప ఏమీ లేదు.

"మాకెవరూ చెప్పలేదే" అన్నాడు పెద్దరెడ్డి.

"చాటింపు వేశాను పెద్దయ్యా" అంది సుంకి. "మారెన్నే సాక్షి. మీ అరుగు ముందు మూడుసార్లు వేశాను. మీకు తెలియదు కదాని చేతులు ఇంకా పెద్దగా ఊపాను."

పెద్దరెడ్డి మారెన్న వైపు చూశాడు. మారెన్న నేల వైపు చూశాడు.

అంతలో తిప్పవ్వ జనంలోనుంచి ముందుకొచ్చింది. ఎవరు ఎవరితో ఏమన్నారో ఆమెకు వినబడలేదు. పెద్దాయన చేతిలో గిన్నె లేదని మాత్రం కనబడింది. సాయంత్రానికని మూత పెట్టి దాచుకున్న కూర తెచ్చి, దాని మీద ఓ జొన్నరొట్టె పెట్టి, ఆయన చేతిలో ఉంచింది. తినమని సైగ చేసింది. ఆ సైగ అర్థం కావడానికి ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది.

ఆయన తిన్నాడా లేదా అన్నదానికి రెండు కథలున్నాయి. తినలేదనీ, అది తమ తాత తిన్నాడనీ కరణం వంశంవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. గిన్నె అందుకున్నాడన్నది మాత్రం అందరూ ఒప్పుకుంటారు.

తర్వాత ఆయన సుంకిని దగ్గరికి పిలిచాడు. "నీ మడికి నీళ్ళొస్తాయి అని చెప్పాలంటే చేతులు ఎట్లా తిప్పాలే?"

సుంకి చూపించింది. పెద్దరెడ్డి గిన్నె పక్కన పెట్టి, తిప్పవ్వ ఎదురుగా నిలబడి, రెండు చేతులూ తిప్పాడు. నీ మడికి ఏనుగొస్తుంది అన్నట్టు వచ్చింది. పిల్లలు పడీపడీ నవ్వారు. సుంకి ఆయన మణికట్టు పట్టుకుని సరిచేసింది. మళ్ళీ తప్పింది. మూడోసారికి తిప్పవ్వకు అందింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.

ఆ సాయంత్రం పెద్దరెడ్డి తన వంతు నీళ్ళు తిప్పవ్వ మడికి మళ్ళించాడు. సగం నాటు అప్పటికే పోయింది. మిగతా సగం తేరుకుంది. ఆ ఏడు తిప్పవ్వ సగం గింజలే తిన్నది. మిగతా సగం ఏమైందో సుంకి ఊరిని మరిచిపోనివ్వలేదు. చాటింపు అయ్యాక మారెన్న ముగ్గురి గడపలకూ పోవాలని పట్టుబట్టింది. కబురు చేతులతో చెప్పాలి. వాళ్ళు దాన్ని తిరిగి చెప్పేదాకా కదలకూడదు. మారెన్న చేతులు మొద్దువి. పెళ్ళి అని చెప్పబోయి పాము అనేవాడు. నేర్చుకోవడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ సుంకి పక్కనే నడిచింది. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ళకు పోయి, అక్కడి పెద్దల చేతులు కూడా పట్టుకుని తిప్పింది.

సుంకి ఏ ఏట పోయిందో ఎవరికీ గుర్తులేదు. జుట్టు నెరిసిందనీ, నోరు నెరవలేదనీ అంటారు. ఆమె పోయిన రోజు మారెన్న మనవడు వీధుల్లోకి వచ్చి ఒక్క మాటా మాట్లాడలేదు. చేతులు మాత్రం కదిలించాడు. మూడు వీధులు తిరిగేసరికి ఊరంతా ఆమె గడప ముందుంది.

ఇప్పటికీ రాళ్ళవంకలో ఎవరైనా "చెప్పాను కదా" అంటే, ఎదుటివాళ్ళు "అందిందా అని అడిగావా" అంటారు. అడగకపోతే చెప్పినవాడిదే తప్పు. ముఖంలోకి చూస్తూ మళ్ళీ మొదటినుంచి చెప్పాలి. మొగుడైనా అంతే, పెద్దరెడ్డి మునిమనవడైనా అంతే. కొత్త కోడళ్ళకు మొదట్లో ఇది వింతగా ఉంటుంది. ఏడాది తిరిగి పుట్టింటికి పోయినప్పుడు, అమ్మతో ఏదో ముచ్చట చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, తమకు తెలియకుండానే అడుగుతారు.

"అందిందా అమ్మా?"