మంగాయి గుమ్మం ముందు నూకయ్య

ఎప్పటి మాటో చెప్పడానికి ఆనాటివాళ్లెవరూ లేరు. గోదావరి మీద వంతెన లేని కాలం. ఏటి నడుమనున్న లంకకి పోవాలన్నా, లంక నుంచి రావాలన్నా ఒకటే పడవ. ఆ పడవ నడిపేవాడు నూకయ్య. ఒంటరివాడు, నెమ్మదస్తుడు.

ఒక ఏడు వరదొచ్చి లంక మునిగింది. నూకయ్య ఒకసారి పడవ వేశాడు, జనాన్ని గట్టుకి చేర్చాడు. రెండోసారి వేశాడు, చేర్చాడు. మూడోసారి పడవ నిండా ముసలివాళ్లు, పసివాళ్లు. జోరువానకి అందరూ తలలు దించుకుని కూర్చున్నారు. నీళ్లలోంచి ఒక చెయ్యి వచ్చి పడవ అంచు పట్టుకుంది. అదే లంకలో ఉండే అప్పన్న చెయ్యి. పడవ ఒరిగింది. నూకయ్యకి ప్రాణభయం పుట్టింది. తెడ్డెత్తి ఆ వేళ్ల మీద కొట్టాడు.

చెయ్యి వదిలేసింది. ఎవరూ చూడలేదు. పడవలో ఇంకొక మనిషికి చోటుందని నూకయ్యకి అప్పుడు తెలిసింది.

గట్టు మీద అప్పన్న పెళ్లాం మంగాయి ఎదురొచ్చింది. “మా ఆయన కనబడ్డాడా అన్నయ్యా?”

“లేదమ్మా.”

ఊరిని బతికించినవాడని మంగాయి అతనికి గంజి తెచ్చి పెట్టేది.

కొన్నాళ్లకి లంకకి ఇస్సాకు అనే ఉపదేశి వచ్చాడు. ఎంత పాపినైనా యేసు ప్రభువు కాదనడని చెప్పాడు. నూకయ్య వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ గోదాట్లోనే బాప్తిస్మం పొందాడు. మంగాయి కూడా పొందింది.

ఆదివారం ప్రార్థన గుడిలో, మారిన తన బతుకు గురించి సాక్ష్యం చెప్పమన్నారు. నూకయ్య లేచాడు. “కల్లు తాగేవాణ్ణి, మానేశాను” అన్నాడు. అందరూ హల్లెలూయ అన్నారు. అసలు మాట గొంతులోనే ఉండిపోయింది.

రెండో ఆదివారం లేచాడు. “నోటికొచ్చినట్టు తిట్టేవాణ్ణి, మానేశాను” అన్నాడు. హల్లెలూయ అన్నారు. అసలు మాట గొంతులోనే ఉండిపోయింది.

మూడో ఆదివారం లేచాడు. ఆడవాళ్ల చాప మీద కూర్చున్న మంగాయి వైపు తిరిగాడు. “అప్పన్నని వరద చంపలేదు చెల్లెమ్మా. నేను చంపాను” అన్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు.

ఎవరూ హల్లెలూయ అనలేదు. మంగాయి కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్లిపోయింది.

“దేవుడు నిన్ను క్షమించాడు నూకయ్యా” అన్నాడు ఇస్సాకు.

“ఆయన క్షమించాడయ్యగారూ. ఆమె మొగుడు మాత్రం రాడు కదా.”

ఆనాటి నుంచి నూకయ్య పొద్దుగూకే వేళ మంగాయి గుమ్మం ముందు నిలబడేవాడు. తలుపు తెరుచుకునేది కాదు. ఎండల్లో నిలబడ్డాడు, వానల్లో నిలబడ్డాడు, మంచులో నిలబడ్డాడు. ఒక్కసారి మాత్రం లోపలి నుంచి మాట వచ్చింది.

“ఎందుకొస్తావు? క్షమించానని చెబితే నీకు నిద్ర పడుతుంది. మరి నాకో?”

నూకయ్య మర్నాడూ వెళ్లి నిలబడ్డాడు.

చివరికి అతనికి విషజ్వరం పట్టింది. రేవు పక్క పాకలో ఒక్కడే పడి ఉన్నాడు. ఒక సాయంత్రం గుమ్మం ముందు మనిషి లేకపోయేసరికి మంగాయి తలుపు తీసి చూసింది. చెంబుతో నీళ్లు పట్టుకుని పాకకి వెళ్లింది. అతని తల ఎత్తి పట్టుకుని నీళ్లు పోసింది.

“క్షమించావా చెల్లెమ్మా?” అని అడిగాడు.

“నీళ్లు తాగు” అంది మంగాయి.

తాగాడు. తెల్లారేసరికి పోయాడు.

ఆ లంకలో ఇప్పటికీ, రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్లకి ముందొచ్చే వారాన్ని నూకయ్య వారం అంటారు. ఎవరు ఎవరికి అన్యాయం చేశారో వాళ్ల గుమ్మం ముందుకెళ్లి నిలబడతారు. తలుపు తీస్తే సరే. తీయకపోతే గుడికొచ్చి, “తీయలేదు” అని ఆ ఒక్క మాటే చెబుతారు. అప్పుడెవరూ హల్లెలూయ అనరు. పక్కనున్నవాళ్లు కాస్త జరిగి, ఆ మనిషిని చాప మీద కూర్చోబెట్టుకుంటారు.