అవ్వ కాళ్ళు ఒత్తిన రాజకుమారుడు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు గద విసిరితే గోడ కూలేది. రెండోవాడు గుర్రమెక్కితే నేల అదిరేది. మూడోవాడు సుకేతు. వాడేం చేసేవాడంటారా? దీపాలు పెట్టగానే వెళ్ళి నాన్నగారి తల్లి, అదే అవ్వ, కాళ్ళు ఒత్తేవాడు. అన్నలు నవ్వేవారు. నవ్వితే నవ్వనీ, అవ్వ చెప్పే మాటలు వాళ్ళకు దక్కలేదు.

"బలం ఒకటే నాయనా," అనేది అవ్వ. "అరచేత్తో అదిమితే అది పరుచుకుంటుంది, హాయిగా ఉంటుంది. బొటనవేలి కొసన పెడితే లోపలికి దిగుతుంది. ఎక్కడ ఏది కావాలో చూసుకో."

ఒకనాడు ఒక మాంత్రికుడు వచ్చి, "ముసలమ్మా, కాళ్ళు పీకుతున్నాయి, కాస్త ఒత్తు" అన్నాడు.

"నా కాళ్ళే నన్ను పీక్కుతింటున్నాయి బాబూ" అంది అవ్వ.

"అయితే నీకా నొప్పే లేకుండా చేస్తా" అని కోపంగా మంత్రం వేసి పోయాడు. అవ్వ పాదాలు రాయైపోయాయి. ఆ రాయి రోజురోజుకీ పైకి పాకుతోంది. గుండెదాకా వస్తే అవ్వ ఇక దక్కదు. ఎంత ఒత్తినా ఆ పాదాలకు తెలియడం లేదని సుకేతు వెక్కి వెక్కి ఏడ్చాడు.

అన్నదమ్ములు ముగ్గురూ మాంత్రికుణ్ణి వెతుక్కుంటూ ఓడెక్కి ఏడు సముద్రాలు దాటారు. మాంత్రికుడి కొండ చుట్టూ ఊబి. పెద్దవాడు గద భుజాన వేసుకుని దిగి, నడుందాకా కూరుకుపోయాడు. రెండోవాడు గుర్రంలాగే దూకి, అలాగే దిగబడ్డాడు. ఒడ్డునున్న కొంగ నవ్వింది.

"నా కాళ్ళు చూడు సుకేతూ. వేళ్ళు వెడల్పుగా పరుస్తాను, బురదే నన్ను మోస్తుంది."

'అవ్వ అరచెయ్యన్నమాట' అనుకున్నాడు సుకేతు. ఓడలోని చేటలు కాళ్ళకు కట్టుకుని మెల్లగా నడిచాడు. అన్నలకు బల్లలు అందించి, "వీటిమీద బోర్లా పడుకోండి, కదలకండి, వచ్చేస్తా" అన్నాడు.

కొండమీద కువలయ అనే రాజకుమారి బందీగా ఉంది, దుప్పటి కుట్టుకుంటోంది. "మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంది. చిలక ఈ తోలుతిత్తిలో ఉంది. రోకలితో బాదినా ఇది చిరగలేదు" అంది.

"నీ దుప్పటి కుట్టుకునే దబ్బనం ఇలా ఇవ్వు."

ఇది అవ్వ బొటనవేలు. దబ్బనం మొన పెట్టి నొక్కితే తోలులోకి సులువుగా దిగింది. చిల్లు పక్కన చిల్లు పొడిచి తిత్తి చింపాడు. చిలక చేతికొచ్చింది. మాంత్రికుడు కేకలు పెడుతూ వచ్చాడు.

"పిసికెయ్, చస్తాడు" అంది కువలయ.

"వాడు చస్తే మంత్రం తిప్పేదెవరు?"

బిగిస్తే చిలక చస్తుంది, వదిలితే ఎగిరిపోతుంది. సుకేతు రెండు అరచేతులూ దాని చుట్టూ చేర్చి, అవ్వ పాదాలను అదిమినట్టే అదిమాడు. చిలక కళ్ళు మూసుకుంది. మాంత్రికుడు ఉన్నచోటే కూలబడి కంటతడి పెట్టుకున్నాడు.

"నా కాళ్ళ నొప్పి తగ్గింది. నన్నెవరూ ఇలా ముట్టుకోలేదు బాబూ."

"మా అవ్వను బాగుచెయ్యి. రోజూ నీకూ ఒత్తుతాను."

మాంత్రికుడు మంత్రం తిప్పేశాడు. అన్నల్ని బయటికి లాగి అందరూ ఇంటికొచ్చారు. సుకేతు భయంభయంగా అవ్వ పాదం మీద చెయ్యి వేశాడు.

"అక్కడే నాయనా," అంది అవ్వ. "ఇంకాస్త గట్టిగా."

సుకేతుకీ కువలయకీ పెళ్ళయింది. అన్నలే పట్టుబట్టి తమ్ముణ్ణి సింహాసనం ఎక్కించారు. సుకేతూ కువలయా చాలాకాలం చల్లగా రాజ్యమేలారు. సాయంత్రమైతే మాత్రం రాజుగారు కిరీటం తీసి పక్కనపెట్టి, రెండు మంచాల మధ్య కూర్చునేవారు. ఒక మంచం మాంత్రికుడిది, ఒకటి అవ్వది. "ముందు నాకు" అనేది అవ్వ.