నలభై ఒకటో ఇటుక

ఒంగోలు ఐటీఐలో రేడియో, టీవీ మరమ్మతు నేర్పి రిటైరైన రంగనాయకులు మాస్టారికి ఒక అలవాటుండేది. ఎవరైనా ఏదైనా అడిగితే ఔననీ కాదనీ చెప్పేవారు కాదు. ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు. అడిగినవాళ్ళు దాన్నే పట్టుకుని ఇంటికి పోవలసిందే.

ఒక ఆదివారం పొద్దున గౌరీపతి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా అడిగిన ప్రశ్న ఇది: "మనకొక్కరికే తెలిసిన తప్పు, తప్పు కిందికి వస్తుందా మాస్టారూ?"

గౌరీపతి కరెంటు సబ్‌స్టేషనులో ఆపరేటరు. మాస్టారి దగ్గర మూడేళ్ళుగా అతను నేర్చుకుంటున్నది మరమ్మతు కాదు, ఇటుకల ఆట. పైనుంచి రకరకాల ఆకారాల ఇటుకలు పడుతుంటే వాటిని తిప్పి, జరిపి, సందు లేకుండా పేర్చే పాత వీడియో గేమ్ అది. వరుస నిండితే మాయమవుతుంది. నూరు వరుసలు ఎంత తొందరగా మాయం చేస్తే అంత గొప్ప. అయితే వీళ్ళు ఆడేది చేతి వేగంతో కాదు. ఆటను కంప్యూటరులో పెట్టి, సెకనును అరవై ముక్కలు చేసి, ఒక్కో ముక్క దగ్గర ఆపి, అక్కడ ఏ బటను నొక్కాలో ఆలోచించి నొక్కుతారు. ఆ ముక్కను ఫ్రేము అంటారు. తప్పు పడితే వెనక్కి వెళ్ళి మళ్ళీ నొక్కుతారు. అలా ఏళ్ళ తరబడి కూర్చుని తయారుచేసిన నొక్కుళ్ళ జాబితాను చివరికి కంప్యూటరే మూడు నిమిషాల్లో ఆడి చూపిస్తుంది. ఇందులో ఎవరి కళ్ళూ కప్పడం లేదు. సాధనాలతో చేసిన ఆట అని పైనే రాసి, ఈ పిచ్చి ఉన్నవాళ్ళంతా చూసే వెబ్‌సైటుకు పంపుతారు. అక్కడివాళ్ళు పరీక్షించి, అందరికంటే తక్కువ ఫ్రేములు పట్టినవారి పేరు పట్టికలో పైన పెడతారు.

ఆ గేమ్‌లో మాస్టారిది టీవీకి తగిలించే రకం, గౌరీపతిది చేతిలో పట్టుకుని ఆడే రకం. దేని పట్టిక దానిదే. గౌరీపతి తన ఆట పంపి పదిరోజులైంది. ఇంకో రెండు రోజుల్లో అతని పేరు మొదటి వరుసకు ఎక్కుతుంది. ఈలోగా ముచ్చటపడి తన ఆటను తనే చూసుకుంటుంటే, సగంలో ఒక ఇటుకను రెండు ఫ్రేములు ఆలస్యంగా తిప్పిన సంగతి కంటబడింది. పరీక్షించేవాళ్ళు దాన్ని పట్టుకోలేదు. చెబితే ఆటను తిప్పి పంపవచ్చు. సరిదిద్దుదామా అంటే, ఈ ఆటలో రాబోయే ఇటుక మనం బటను నొక్కిన క్షణాన్ని బట్టి మారుతుంది కనుక, ఒకచోట కదిపితే ఆ తర్వాతిదంతా పోయినట్టే. అంటే ఏడాదిన్నర పని.

ఇదంతా విని మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని, చీరాల దమయంతి గారి సంగతి ఎత్తుకున్నారు.

ఎనిమిదేళ్ళ కిందటి మాట. అప్పట్లో మాస్టారి పట్టికలో మొదటి పేరు 'అంచు'. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న ఆ మాట మన మాటేనని మాస్టారికి తట్టలేదు, ఏ దేశపువాడో అనుకున్నారు. రెండో పేరు తనది. నాలుగేళ్ళు రెండోదిగానే ఉండిపోయింది. ఆ అంచు ఆటలో లోపం కోసం ఆయన వెతకని చోటు లేదు. ముప్పై సార్లు మొదటినుంచి చివరిదాకా, ఇటుక తర్వాత ఇటుక, ఫ్రేము తర్వాత ఫ్రేము నడిపించి చూశారు. ఎక్కడా వేలు పెట్టే సందు దొరకలేదు. ఇక ఇంతే, దీన్ని దాటి పోయేది లేదని నిశ్చయించుకుని, కంప్యూటరు మీద దుప్పటి కప్పి, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళ మిక్సీలు బాగుచేయడంలో పడ్డారు.

ఒకరోజు ఎందుకో ఫోనులో ఆ వెబ్‌సైటు తెరిచి చూస్తే అంచు ఆట కింద కొత్తగా నాలుగు ముక్కలు రాసి ఉన్నాయి. రాసింది ఆ అంచే. నలభై ఒకటో ఇటుకను నేను వెంటనే దించేశాను, మూడు ఫ్రేములు ఏమీ నొక్కకుండా ఆగి ఉంటే తర్వాత నిలువు కర్రలాంటి ఇటుక పడేది, నాలుగు వరుసలు ఒక్క దెబ్బకు పోయేవి, ఇది నాకు కిందటి నెల కనిపించింది, మళ్ళీ మొదలుపెట్టే ఓపిక నాకు లేదు కనుక కావలసినవాళ్ళు చేసుకోవచ్చు అని దాని సారాంశం. మాస్టారు మూడుసార్లు చదివారు. వేగంగా ముగించడానికి ఒకచోట ఊరికే నిలబడాలన్నది ముప్పై సార్లు చూసినా ఆయనకు తోచని సంగతి.

ఆ రోజే దుప్పటి తీశారు. పద్నాలుగు నెలలు పట్టింది. చివరికి అంచు కంటే పదకొండు ఫ్రేములు తక్కువలో ఆట ముగిసింది. సెకనులో ఐదోవంతు కూడా కాదది. అయినా పట్టికలో ఆయన పేరు పైకి, అంచు పేరు కిందికి మారాయి. ఎక్కడెక్కడివాళ్ళో మెచ్చుకుంటూ రాశారు. మొదటి వారం మాస్టారు నేలమీద నడవలేదు. రెండో వారంలో ఒక సంగతి గమనించారు. ఆ పేజీ తెరిచినప్పుడల్లా తన పేరు చూసుకుంటున్నారు గానీ, కింద అంచు రాసిన నాలుగు ముక్కల మీదికి చూపు పోనివ్వడం లేదు. ఇంకొకరికి వేసిన విస్తరి ముందు తాను వచ్చి కూర్చున్నట్టు ఉంది. కృతజ్ఞత చెప్పుకోవాలి, చిరునామా ఇవ్వమని అంచుకు రాశారు. జవాబు తెలుగులో వచ్చింది, కింద దమయంతి అని పేరు. చీరాల. రైలెక్కితే గంట ప్రయాణం.

దమయంతి గారికి యాభై దాటి ఉంటాయి. మగ్గానికి తగిలించే అట్టల మీద చీర అంచుల డిజైన్లను బెజ్జాలుగా గుద్దడం ఆవిడ పని. మాస్టారు వెళ్ళేసరికి ముందుగదిలో బల్ల ముందు కూర్చుని అట్టలకు బెజ్జాలు కొడుతున్నారు. తలెత్తి, "ఆ రెండో ఆయన మీరేనా?" అన్నారు. వెంటనే సర్దుకుని, "ఇప్పుడు మొదటాయన" అన్నారు. ఎత్తిపొడుపేమీ లేదు ఆ మాటలో. కుర్చీ చూపించి మళ్ళీ పనిలో పడ్డారు.

రైల్లో కూర్చుకున్న మాటలన్నీ వదిలేసి మాస్టారు, మొదటి స్థానం పోయినందుకు బాధగా లేదా అని అడిగారు. లేకేం, రెండు రోజులు అన్నం సరిగా తినలేదన్నారు ఆవిడ. అప్పుడు అసలు సంగతి అడిగారు. తాను ముప్పై సార్లు చూసినా పట్టుకోలేకపోయానని, ఆవిడ చెప్పకపోతే ఇంకో పదేళ్ళకైనా ఎవరికీ తెలిసేది కాదని, అలాంటిది ఎందుకు రాసినట్టని.

ఆవిడ చేతిపని ఆపకుండానే చెప్పారు. "సాయంత్రం పనయ్యాక ఆ మూడు నిమిషాలూ పెట్టుకుని చూడటం నాకు ఇష్టమండీ. అది కనిపించిన దగ్గర్నుంచీ నలభై ఒకటో ఇటుక రాగానే తల పక్కకి తిప్పుకుంటున్నా. నెల రోజులు అలా చూశా. రాసేశాక ఇప్పుడు మొత్తం చూడగలుగుతున్నా."

మాస్టారు లేవబోతుండగా దమయంతి గారు చేతిలోది బల్లమీద పెట్టి, ఆయన వైపు తిరిగారు. ఆయన ఆట కూడా చూశాననీ, చాలా బాగా కుదిరిందనీ అన్నారు.

"డెబ్బై మూడో ఇటుక దగ్గర ఒకటి ఉంది. చెప్పమంటారా, వద్దా?"

మాస్టారు అక్కడితో ఆపి, కళ్ళజోడు పెట్టుకున్నారు. సంగతి అయిపోయినట్టే. గౌరీపతి అప్పటికి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన ఇంకేమైనా అంటారేమోనని చూసి, అనకపోయేసరికి, చెప్పమన్నారా అని తనే అడిగాడు.

"చెప్పమన్నాను. కాకపోతే ముందు మంచినీళ్ళు అడిగాను. ఆవిడ తెచ్చిన చెంబు ఖాళీ అయ్యేదాకా నోరు తెరవలేదు."

గౌరీపతి జేబులోంచి ఫోను తీసి, తన ఆటను పరీక్షిస్తున్నవాళ్ళకు రాసే పేజీ తెరిచాడు. బొటనవేళ్ళు ఫోను మీద పెట్టాడు గానీ అవి కదలలేదు. మాస్టారు అతని ముఖం చూసి, వంటింటి వైపు లేవబోతూ అడిగారు.

"నీకూ మంచినీళ్ళు కావాలా?"