వెలగని నక్షత్రాల పేట

రెల్లులంక చర్చిలో పాటలు నేర్పే ఏలియాజరుకు మంచి గొంతు ఉండేది, దానితోపాటు ఒక జబ్బు కూడా ఉండేది: పాట ఎవరికి కావాలో అతను ఎన్నడూ అడిగేవాడు కాదు, ఎవరు మెచ్చుకుంటారో మాత్రమే చూసేవాడు.

ఆ లంకలో పాతకాలం నుంచీ ఒక ఆచారం ఉండేది. క్రిస్మస్ రోజు తెల్లవారకముందే పేటలో అందరూ దీపాలు ఆర్పేసి ఇళ్ళ ముందు కూర్చునేవారు. ఆ యేడు ఎవరింట్లో చావు జరిగిందో, పాటల బృందం మొదట ఆ ఇంటికి వెళ్ళేది. ఆ ఇంటివాళ్ళు అడిగిన పాట పాడేది. పాట విన్నాక వాళ్ళు తమ చూరుకు కట్టిన కాగితం నక్షత్రాన్ని వెలిగించేవారు. అది చూశాకే మిగతా ఇళ్ళలో నక్షత్రాలు వెలిగేవి. దుఃఖం ఉన్న ఇంటిని దాటి పండగ ముందుకు పోకూడదని పేట కట్టుబాటు. దాన్ని ఏ చట్టమూ రాయలేదు. అయినా ఎవరూ మీరలేదు.

ఆ యేడు వానాకాలంలో గిద్యోను జ్వరంతో చనిపోయాడు. పేటలో సగం ఇళ్ళకు వెదురుబద్దలతో నక్షత్రాలు కట్టింది అతనే. డిసెంబరు మొదటివారంలో అతని భార్య మరియరత్నం చర్చికి వచ్చింది. బృందం పాటలు ఎంచుకుంటోంది. ఏలియాజరు హార్మోనియం ముందు కూర్చుని ఉన్నాడు.

"మాస్టారూ, మా ఆయన పాడే జోలపాట పాడండి" అని ఆమె అడిగింది.

"ఏదీ, ఒకసారి పాడండమ్మా."

ఆమె గోడవైపు చూస్తూ మెల్లగా పాడింది.

"గడ్డి మెత్తన నాయనా, గాలి చల్లన,
తెల్లవారలేదింకా, తల వాల్చవయ్యా."

ఏలియాజరు హార్మోనియం మెట్ల మీద ఆ శ్రుతి వెతికాడు. అది మరీ కిందికి ఉంది. అతని గొంతు మెరిసే చోటు అది కాదు.

"ఇది పండగమ్మా. జోలపాట పాడితే జనం నిద్రపోతారు" అన్నాడు.

"పోనివ్వండి. నేను నిద్రపోయి అయిదు నెలలయింది" అంది మరియరత్నం.

"చూద్దాం లెండి" అన్నాడు ఏలియాజరు.

ఆమె వెళ్ళాక, బృందంలో పాడే సిల్వియా నవ్వింది. "మాస్టారూ, మా నాన్న కూడా ఇంతే. కొత్త చెప్పులు అడిగితే చూద్దాం అంటాడు. మూడేళ్ళుగా చూస్తూనే ఉన్నాడు."

"నువ్వు పుస్తకం చూసి పాడమ్మా" అన్నాడు ఏలియాజరు. తర్వాత అసలు విషయం చెప్పాడు. పట్నం నుంచి సంగీత పోటీల పెద్దలు వస్తున్నారు. పేట చివర ఉన్న మేడలో దిగుతారు. వాళ్ళకు నచ్చితే బృందాన్ని పట్నం తీసుకెళ్తారు. అందుకని ఏడు పాటలు ఎంచాడు. అన్నీ పై శ్రుతిలో పరుగెత్తే పాటలే. "ముందు మేడ దగ్గర పాడదాం. తిరిగొచ్చేటప్పుడు ఆవిడ ఇంటికి వెళ్దాం."

"అప్పటికి తెల్లారిపోతుంది. ఎండలో నక్షత్రం ఎవరికి కనపడుతుంది?" అంది సిల్వియా.

అతను హార్మోనియం మూత వేశాడు.

క్రిస్మస్ తెల్లవారుజామున మంచు కమ్మింది. చర్చి కాలువకు ఈవల ఉంది, పేట ఆవల ఉంది. మధ్యలో మినుము చేలు. ఏలియాజరు హార్మోనియం మెడకు తగిలించుకుని ముందు నడిచాడు. టార్చిలైటు వేస్తే ఎదురుగా తెల్లటి గోడ లేచినట్టు ఉంది తప్ప దారి కనపడలేదు. మొదటి పాట ఎత్తుకున్నారు. పాట మంచులోకి వెళ్ళింది, దూదిలో గింజ పడ్డట్టు పడిపోయింది. ఏ యేడైనా మొదటి ఇంటి పాట అయ్యాక వాళ్ళకు దారి చూపేది నక్షత్రాలే. ఇప్పుడు ఒక్కటీ లేదు. ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని నడిచారు. మినుము ఆకుల మీది నీళ్ళకు పాదాలు తడిసిపోయాయి. మూడుసార్లు తిరిగి తిరిగి అదే తూము దగ్గరికి వచ్చారు. నేల మీద నడుస్తున్నామో, నిద్రలో నడుస్తున్నామో వాళ్ళకు తెలియలేదు.

"ఎవరైనా నక్షత్రం వెలిగించండయ్యా" అని ఏలియాజరు కేక వేశాడు.

మంచులోంచి ఒక ముసలి గొంతు పలికింది. "మొదటి ఇంటికి వెళ్ళొచ్చారా?"

బృందంలో ఎవరో టార్చిలైటు ఆర్పేశారు.

"వెళ్ళలేదా? మరి మేమెట్టా వెలిగిస్తాం బాబూ?"

ఆ గొంతు ఆగాక, అంతకంటే సన్నగా ఇంకేదో వినపడింది. జోలపాట. చుట్టూ తెల్లదనంలో అదొక్కటే దారిలా ఉంది. బృందం దాన్ని పట్టుకుని నడిచింది.

మరియరత్నం గడప మీద కూర్చుని తనలో తాను పాడుకుంటోంది. చూరుకు వెలగని నక్షత్రం వేలాడుతోంది. వాళ్ళను చూసి ఆమె ఆగింది.

"మీరు మేడవైపు పాడుతూ పోవడం వినపడింది. సరే, ఆయన పాట ఆయన ఇంట్లో ఒక్కసారైనా వినపడాలి కదా అని నేనే మొదలుపెట్టాను. నాకు రెండో చరణం రాదు" అంది.

ఏలియాజరు తల దించుకున్నాడు. నేల మీద కూర్చుని హార్మోనియం ఒళ్ళో పెట్టుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఒక మాట అడిగాడు.

"మీ శ్రుతి ఏదమ్మా?"

ఆమె పాడింది. అతను వెతికి వెతికి ఆ కింది మెట్టు పట్టుకున్నాడు. బృందమంతా గొంతు దించి మొదటి చరణం పాడింది. మరియరత్నం లేచి నక్షత్రంలోని దీపం వెలిగించింది. గిద్యోను అంటించిన ఎర్ర కాగితం మంచులో మెల్లగా పండింది. రెండో చరణం ఏలియాజరుకూ రాదు. అతను ఆగిపోయాడు. అప్పుడు పక్క ఇంటి చీకట్లోంచి, ఎదురింటి అరుగు మీంచి, కనపడని మనుషులు అందుకున్నారు; గిద్యోను తమ ఇళ్ళకు నక్షత్రాలు కడుతూ పాడగా విన్నవాళ్ళే.

"చోటు లేదన్నారా నాయనా, ఊళ్ళో వాళ్ళంతా,
మా చేతులున్నాయి, నిదరపోవయ్యా."

పాట సాగినంతదూరం నక్షత్రాలు వెలిగాయి. పసుపు, నీలం, ఆకుపచ్చ, ఎక్కడా ఇల్లు కనపడకుండా వట్టి వెలుగులే గాలిలో తేలుతున్నట్టు వెలిగాయి. మేడ మీది నక్షత్రం అన్నిటికంటే చివర వెలిగింది.

"మాస్టారూ, ఇంక మేడకు వెళ్ళొచ్చు. దారి కనపడుతోంది" అంది సిల్వియా నెమ్మదిగా.

ఏలియాజరు గుమ్మం వైపు చూశాడు. మరియరత్నం ద్వారబంధానికి తల ఆనించి నిద్రపోతోంది.

"ఆపకండి" అన్నాడు. "లేస్తుంది."

తెల్లవారి మంచు విడిపోయేదాకా వాళ్ళు అదే పాట పాడారు. మేడ కోసం ఎంచిన ఏడు పాటలూ పుస్తకంలోనే ఉండిపోయాయి. పట్నం పెద్దలు కాఫీ తాగి, కారెక్కి వెళ్ళిపోయారు. మరుసటి యేడు డిసెంబరులో ఏలియాజరు పాటల పట్టీ రాయలేదు. హార్మోనియం తీసుకుని, ఆ యేడు దుఃఖం వచ్చిన ఇల్లు ఎక్కడో కనుక్కుంటూ పేటలోకి నడిచాడు.

పండగ పాటను మెచ్చుకునేవాళ్ళ కోసం ఎంచకూడదు, దుఃఖంలో ఉన్నవాళ్ళను అడిగి ఎంచాలి; వాళ్ళ వాకిలి వెలగనంతకాలం ఊళ్ళో ఎవరి వెలుగూ వెలుగు కాదు.